కందికి కావలసింది నిలకడగా కొనేవాళ్లు

ముద్దపప్పు, పప్పుచారు, సాంబారు, కందిపొడి, కందిపచ్చడి. బియ్యం తరవాత మన విస్తట్లో ఇన్ని రూపాల్లో కనిపించే పంట కంది. అయినా వార్తల్లో దాని ఊసు వచ్చేది రెండు సందర్భాల్లోనే. కిలో పప్పు ధర సామాన్యుడికి అందనంత పైకి పోయినప్పుడు ఒకసారి, మార్కెట్ యార్డులో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కినప్పుడు మరోసారి. ఒకటి కొనుక్కునేవాళ్ల కష్టం, రెండోది పండించేవాళ్ల కష్టం కాబట్టి ఈ రెంటికీ సంబంధం లేదనిపిస్తుంది. కానీ రెండూ ఒకే మూలం నుంచి వస్తున్నాయి. వరికి దశాబ్దాలుగా ఇచ్చిన కొనుగోలు భరోసాను మన ప్రభుత్వాలు కందికి ఏనాడూ నిలకడగా ఇవ్వలేదు. ధర పెరిగితే దిగుమతులు తెరవడం, పడితే కొన్ని వారాల పాటు కేంద్రాలు పెట్టి కొనడం, ఇదే విధానంగా నడుస్తోంది. కంది మన ఆరోగ్యానికి, మన నేలకు చేసే మేలును లెక్కలోకి తెచ్చుకుంటే, దాన్ని ఇలా వదిలేయడం వల్ల మనం చాలా పోగొట్టుకుంటున్నాం. ఈ మాటకు ఆధారాలేమిటో, దీనికి వచ్చే అభ్యంతరాలేమిటో ఈరోజు మీ ముందు పెడతాను.

ముందు తిండి సంగతి. పాలిష్ పట్టిన బియ్యంలో మాంసకృత్తులు నూటికి ఎనిమిది పాళ్లకు మించవు. కందిపప్పులో సుమారు 22 పాళ్లు ఉంటాయి. ఆ మాంసకృత్తుల నాణ్యత కూడా చూడాలి. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం కొరతగా ఉంటుంది, పప్పులో అది పుష్కలం. పప్పులో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో అది సరిపడా ఉంటుంది. అన్నంలో పప్పు కలుపుకుని తినే అలవాటు ఈ రెండు లోట్లనూ ఒకే ముద్దలో పూడుస్తోంది. మాంసం, గుడ్లు, పాలు రోజూ కొనలేని కుటుంబానికి ఇంతకంటే అందుబాటులో ఉన్న దారి లేదు. అయితే ఆ పప్పు గిన్నెలో ఎంత పడుతోంది? 1951లో దేశంలో మనిషికి రోజుకు 60 గ్రాముల పప్పుదినుసులు అందుబాటులో ఉండేవి. ఈ శతాబ్దం మొదటి దశకంలో అది దాదాపు సగానికి పడిపోయింది. తరవాత కొంత కోలుకున్నా 1951 నాటి మోతాదుకు ఇంకా చేరలేదు. ఇదే కాలంలో బియ్యం, గోధుమల కొరత తీరిపోయింది. అంటే కడుపు నిండింది గానీ కంచంలో పొందిక తప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. రక్తహీనత ఉన్న చిన్నపిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో 70 మంది. పప్పు ఒక్కటే ఈ బాధలన్నీ తీర్చేస్తుందని నేననను. మంచినీళ్లు, పారిశుద్ధ్యం, తల్లి ఆరోగ్యం, ఆకుకూరలు, గుడ్లు అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ బియ్యం మూటకు బియ్యం మూట కలుపుతూ పోతే ఈ అంకెలు దిగవని మాత్రం నాలుగు దశాబ్దాల చౌక బియ్యం అనుభవం చెబుతోంది.

ఇక నేల సంగతి. పప్పుజాతి మొక్కలు వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. కందికి ఆకు రాల్చే గుణం కూడా ఎక్కువ. ఆరు నెలలు చేనులో నిలబడి, ఆకంతా నేలకే ఇచ్చిపోతుంది. కంది తరవాత వేసిన పంటకు హెక్టారుకు సుమారు 40 కిలోల నత్రజని వేసినంత మేలు కనిపించిందని పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రయోగాల్లో తేలింది. అది రెండు బస్తాల యూరియాకు దాదాపు సమానం. దీనికంటే విశేషమైన మరో గుణాన్ని అక్కడే పనిచేసిన నోరిహారు ఏ అనే జపాన్ శాస్త్రవేత్త బృందం కనిపెట్టి, 1990లో సైన్స్ పత్రికలో ప్రకటించింది. మన ఎర్రనేలల్లో భాస్వరం ఇనుముతో బిగిసిపోయి ఉంటుంది. జొన్న, మొక్కజొన్న వంటి పంటలకు అది చిక్కదు. కంది వేర్లు పిసిడిక్ ఆమ్లాన్ని స్రవిస్తాయి. ఆ ఆమ్లం ఇనుమును పట్టుకుని భాస్వరాన్ని వదిలిస్తుంది. వేరు తాను తాగగలిగింది తాగుతుంది, రాలిన ఆకుల ద్వారా అందులో కొంత నేల పైపొరకు చేరుతుంది. డీఏపీ ఎరువు తయారీకి కావలసిన భాస్వరపు ముడిసరుకు కోసం దాదాపు పూర్తిగా విదేశాల మీద ఆధారపడిన దేశం, తన నేలలోనే చిక్కుబడి ఉన్న భాస్వరాన్ని బయటికి తీసే పంటను ఎంత గౌరవంగా చూసుకోవాలి! ఎకరం వరి తడపడానికి పట్టే నీళ్ల గురించి, నిలవ నీటి మడుల్లోంచి వెలువడే మీథేన్ గురించి మీరు చాలాసార్లు విన్నారు, మళ్లీ చెప్పను. కంది 600 మిల్లీమీటర్ల వాన చాలనుకునే పంట అని గుర్తుచేస్తే సరిపోతుంది.

కందిని ఒంటరిగా చూస్తే దాని విలువ పూర్తిగా తెలియదు. మొదటి రెండు నెలలు అది మెల్లగా ఎదుగుతుంది. ఆ అదనులో జొన్నో, మొక్కజొన్నో, పెసరో, వేరుశనగో దాని పక్క సాళ్లలో పెరిగి, కంది కంటే ముందే కోతకొచ్చేస్తుంది. ఆ తరవాత చేనంతా కందిదే. అనంతపురం జిల్లా వేరుశనగ చేలల్లో కంది సాళ్లు వేసే అలవాటుకు కారణం ఇదే. ఆగస్టులో వాన ముఖం చాటేస్తే వేరుశనగ ఊడలు నేలలో దిగక ఎండిపోతుంది. లోతుగా వేరు తన్నిన కంది ఆ బెట్టను ఓర్చుకుని, అక్టోబరు, నవంబరుల్లో పడే రెండు వానలకు తేరుకుంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లాలో, ఏదో ఒకటి చేతికి రావడమంటే ఆ కుటుంబం వలస పోకుండా ఊళ్లో ఉండగలగడమే. గింజ పోగా మిగిలిన పొట్టు, నూక పశువులకు దాణా, కందికంప పొయ్యిలోకి వంటచెరకు. ఎకరా ఆదాయం లెక్కల్లో ఇవేవీ కనిపించవు గనక, అధికారుల పట్టికల్లో కంది ఎప్పుడూ బీద పంటగానే మిగిలిపోతోంది.

మరి ఇంత మేలైన పంట ఎందుకు విస్తరించలేదు? దిగుబడే లేదని చాలామంది చెప్పే సమాధానం. ఈ అభ్యంతరాన్ని గట్టిగానే ఎదుర్కోవాలి, ఎందుకంటే అది నిజం. 1950-51లో దేశంలో కంది సగటు దిగుబడి హెక్టారుకు 788 కిలోలు. ఇప్పటికీ అది 800, 900 మధ్యే ఊగిసలాడుతోంది. అదే 1950-51లో బియ్యం సగటు దిగుబడి ఎంతో తెలుసా? 668 కిలోలు. అంటే ఆనాడు వరి కంటే కందిదే పైచేయి. ఈరోజు బియ్యం 2,800 కిలోల దగ్గరుంది. ఈ తేడాలో కొంత ప్రకృతి సిద్ధమైనదే. నత్రజనిని గాలిలోంచి పట్టడానికి, గింజలో మాంసకృత్తులు నింపడానికి మొక్క చాలా శక్తి ఖర్చు పెట్టాలి. పిండి పదార్థం నింపే వరితో అది టన్నుల్లో పోటీ పడలేదు. కానీ మిగతా తేడా మనుషులు చేసినది. వరికి కాలువలు తవ్వాం, ఎరువు మీద రాయితీ ఇచ్చాం, 1965లో భారత ఆహార సంస్థను పెట్టి పండిన ప్రతి బస్తాకూ కొనేవాళ్లను చూపించాం. మంచి నేలలు, నీళ్లున్న నేలలు వరికి పోయాయి. కంది రాళ్ల నేలలకు, మెట్టలకు, గట్ల మీదకు జరిగింది. అక్కడ కూడా 788 నిలబెట్టుకుందంటే అది ఆ మొక్క ఓర్పు.

శాస్త్రవేత్తలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. చేలకు చేలను ఎండగొట్టే ఎండు తెగులును తట్టుకునే మారుతి రకం 1980లలోనే వచ్చింది. ఎండు తెగులుతో పాటు, నల్లి ద్వారా వ్యాపించి మొక్కను పూత లేకుండా గొడ్డుగా నిలబెట్టే వెర్రి తెగులును కూడా తట్టుకునే ఆశ రకం 1993లో విడుదలైంది. గుంటూరు లాం పరిశోధన కేంద్రం నుంచి ఎల్ఆర్‌జీ 41, పాలెం నుంచి పీఆర్‌జీ 176, వరంగల్ నుంచి డబ్ల్యూఆర్‌జీ 65, తాండూరు నుంచి హనుమ రకాలు వచ్చాయి. 2011లో కంది జన్యుక్రమాన్ని ఇక్రిశాట్ నాయకత్వంలోనే చదివారు. రకాలున్నాయి. కానీ శనగపచ్చ పురుగు, మారుకా పురుగు పూత, కాయల మీద పడితే రెండు మూడు మందులు కొట్టాలి, కూలీలను పెట్టాలి, వీలైతే పూత దశలో ఒక తడి ఇవ్వాలి. పంట చేతికొచ్చే జనవరిలో ధర ఏమవుతుందో తెలియని రైతు ఈ ఖర్చంతా ఎందుకు పెడతాడు? అతడు ఖర్చు తగ్గించుకుంటాడు, దిగుబడి తగ్గుతుంది, దిగుబడి లేదని మనం పంటనే తప్పు పడతాం. దిగుబడి తక్కువ కాబట్టి భరోసా ఇవ్వలేమనేవాళ్లు ఈ వరసను తలకిందులుగా చూస్తున్నారని నా అభిప్రాయం.

ధర ఎంత అస్థిరంగా ఉందో చూడడానికి 2015, 2016, 2017 సంవత్సరాలు చాలు. వరసగా రెండేళ్లు వానలు సరిగా లేక 2015-16లో దేశంలో కంది పంట సుమారు 25 లక్షల టన్నులకు పడిపోయింది. చిల్లర ధర కిలో 200 రూపాయలకు చేరింది. పేదింటి పప్పు పలచబడి చారయింది. ప్రభుత్వం మేల్కొని బోనస్‌తో కలిపి క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. రైతులు నమ్మారు. మరుసటి ఏడాది పంట 48 లక్షల టన్నులు దాటింది, దాదాపు రెండింతలు. కానీ అదే 2016 జులైలో మొజాంబిక్‌తో దిగుమతి ఒప్పందం కుదిరింది, ఓడలు వస్తూనే ఉన్నాయి. 2017 మొదట్లో యార్డుల్లో కంది ఆ మద్దతు ధర కంటే బాగా కిందికి దిగిపోయింది. దిగుమతులకు పరిమితి విధించింది 2017 ఆగస్టులో. అప్పటికి చిన్న రైతు పంట అమ్ముకుని ఏడెనిమిది నెలలైంది. ఇక్కడ కందికి ఉన్న ప్రత్యేకమైన చిక్కును గమనించాలి. రైతు జూన్, జులైలలో విత్తేటప్పుడు అతని ముందున్నది పోయిన మార్చి ధర. పంట చేతికొచ్చేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య. ఆరేడు నెలల ఆ సందులో ఢిల్లీలో ఒక ఉత్తర్వు మారితే అతని లెక్క మొత్తం మారిపోతుంది.

ఈ పాఠం నేర్చుకున్నామా? 2021 మే నుంచి కంది దిగుమతిని స్వేచ్ఛగా వదిలారు, గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వచ్చారు. 2025 జనవరిలో, అంటే కొత్త కంది యార్డులకు వచ్చే రోజుల్లోనే, సుంకం లేని దిగుమతులను మరో ఏడాదికి పైగా, 2026 మార్చి ఆఖరు దాకా పొడిగించారు. 2024-25లో సుమారు 12 లక్షల టన్నుల కంది దేశంలోకి వచ్చింది. ఆ పంటకు మద్దతు ధర 7,550 రూపాయలు. యార్డుల్లో ధర దానికి దిగువనే నడిచింది. కేంద్రం మంచి మాటలు కూడా చెప్పింది, వాటిని దాచడం న్యాయం కాదు. కంది, మినుము, మసూర్ పంటలను పూర్తిగా కొంటామని 2025 బడ్జెట్‌లో ప్రకటించింది, 2025-26కు మద్దతు ధరను 8,000కు పెంచింది, పప్పుదినుసుల్లో స్వయం సమృద్ధి కోసం ఆరేళ్ల కార్యక్రమం తెచ్చింది. ఈ ప్రకటనలు నిజమైతే నా ప్రసంగంలో సగం అవసరం లేదు. కానీ ఒక చేత్తో కొంటామంటూ మరో చేత్తో రేవులు బార్లా తెరిస్తే, వ్యాపారి దేన్ని నమ్మి ధర వేస్తాడో యార్డు చూసిన ఎవరికైనా తెలుసు.

ఇక్కడ పట్నవాసుల వైపు నుంచి ఒక ప్రశ్న వస్తుంది. ఆఫ్రికా నుంచి చౌకగా వస్తుంటే తింటే తప్పేమిటి, రైతు కోసం పేదవాడు ఖరీదైన పప్పు కొనాలా? సరైన ప్రశ్నే. కరవు ఏడాది దిగుమతి చేసుకోవాలి, దాన్ని నేను కాదనను. కానీ ప్రపంచంలో పండే కందిలో అత్యధిక భాగం మన దేశంలోనే పండుతుంది, తినేదీ మనమే. బయట పండించేది మయన్మార్, మొజాంబిక్, టాంజానియా, మలావి, సూడాన్ వంటి కొద్ది దేశాలు, అదీ ఎక్కువగా మన కోసమే. కాబట్టి మన పంట పోయిన ఏడాది వాళ్ల ధర కూడా మండిపోతుంది. 2023 చివర్లో మొజాంబిక్‌లో ఎగుమతిదారుల వివాదాల వల్ల కంది రేవుల్లోనే నిలిచిపోయింది, ఇక్కడ ధర తగ్గలేదు. మనం 2017లో హఠాత్తుగా తలుపు మూసినప్పుడు అక్కడి చిన్న రైతుల ధర కుప్పకూలింది. వాళ్లూ మన మెట్ట రైతుల్లాంటివాళ్లే. ఈ ఎత్తుపల్లాల విధానం ఇక్కడి రైతుకూ, అక్కడి రైతుకూ, పప్పు కొనే గృహిణికీ ఎవరికీ మంచి చేయలేదు.

తెలంగాణ అనుభవం ఒకటి చెప్పాలి. 2020 వానాకాలంలో రాష్ట్ర ప్రభుత్వం నియంత్రిత సాగు పేరుతో కంది వేయమని రైతులను కోరింది. సాగు 10 లక్షల ఎకరాలు దాటింది. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రభుత్వం ఆ విధానాన్ని విరమించుకుంది. తరవాతి కాలంలో కంది 5 లక్షల ఎకరాలకు అటూ ఇటూగా తగ్గిపోయింది, పత్తి 45 లక్షల ఎకరాల స్థాయిలో నిలిచింది. రైతుకు కంది మీద అయిష్టం లేదని, రాజ్యం మాట మీద నిలకడ లేదని ఇది చూపిస్తోంది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించాల్సిన విషయమే, తాండూరు పప్పు రుచికి ఆ గౌరవం తగినదే. కానీ గుర్తింపు పత్రం ధరకు హామీ కాదు.

అందుకే నా వాదనంతా ఒక్క పనికి వచ్చి ఆగుతుంది. ప్రభుత్వం కందిని కొనడమే కాదు, పిల్లలకు వండిపెట్టడానికి కొనాలి. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి రోజుకు 20 గ్రాములు, ఆపై తరగతుల పిల్లలకు 30 గ్రాముల పప్పు ఇవ్వాలని జాతీయ నిబంధన ఉంది. లక్ష మంది ప్రాథమిక పిల్లలున్న జిల్లాకు, ఏడాదికి 220 పని దినాల చొప్పున 440 టన్నుల పప్పు కావాలి. క్వింటాలు కందికి 70 కిలోల పప్పు వస్తుందనుకుంటే 630 టన్నుల కంది, అంటే ఎకరాకు 4 క్వింటాళ్ల లెక్కన పదిహేను వందల పైచిలుకు ఎకరాల పంట. దీనికి హాస్టళ్లు, అంగన్‌వాడీలు కలపండి. రేషన్ కార్డుకు నెలకు ఒక కిలో చొప్పున తెలంగాణలో 90 లక్షల కార్డులకు ఇచ్చినా ఏడాదికి లక్షా 8 వేల టన్నుల పప్పు, అంటే లక్షన్నర టన్నుల కంది అవుతుంది. 5 లక్షల ఎకరాల్లో ఎకరాకు 4 క్వింటాళ్ల చొప్పున పండేది 2 లక్షల టన్నులు. రాష్ట్రపు పంటలో ముప్పాతిక భాగానికి రాష్ట్రంలోనే గిరాకీ సిద్ధంగా ఉందన్నమాట.

ఖర్చు ఎవరు భరిస్తారంటారు. కిలో బియ్యం సేకరించి, దాచి, రవాణా చేయడానికి ప్రభుత్వానికి దాదాపు 40 రూపాయలు పడుతోంది. అందులో మాంసకృత్తులు 80 గ్రాముల లోపు. 2025-26 మద్దతు ధరకు కంది కొని మర ఆడిస్తే కిలో పప్పు 120 రూపాయల దగ్గర పడుతుంది. అందులో మాంసకృత్తులు 217 గ్రాములు. గ్రాముకు లెక్క వేస్తే రెండింటికీ అర్ధరూపాయి పైనే, దాదాపు ఒకే ఖర్చు. ఇటీవలి సంవత్సరాల్లో బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిపి పంచాం. ఫోలేట్ సహజంగానే దండిగా ఉన్న పప్పును కూడా బియ్యం పక్కన పెట్టమనడం అన్యాయమైన కోరిక కాదు. పప్పు నిలవ ఉండదు, పురుగు పడుతుందనే అభ్యంతరం ఒకటుంది. అది గిడ్డంగిలో ఏళ్ల తరబడి పడేసినప్పటి మాట. తాండూరులోనో, మార్కాపురం ప్రాంతంలోనో కొన్న కంది అక్కడి మిల్లుల్లో పప్పయి నెలనెలా వంటశాలలకు పోతుంటే నిలవ బాధ చాలావరకు తగ్గుతుంది.

పాలకులకు నా విన్నపం ఇది. ఎంత కొంటారో, ఎంత ధరకు కొంటారో, దిగుమతి సుంకం ఎంతో మే నెలలో, విత్తనం నేలలో పడకముందే ప్రకటించండి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ మాట మార్చకండి. శ్రోతలకు కూడా ఒక మాట. మీ ఊరి బడిలో మధ్యాహ్నం వండే పప్పు ఎక్కడి నుంచి వస్తోందో, పిల్లవాడికి రావలసిన 20 గ్రాములు నిజంగా పడుతున్నాయో లేదో పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో అడగండి. మీ మండలంలో కంది పండుతుంటే ఆ పప్పే బడికి కొనాలని గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరు గారికి పంపండి.